లైసెన్సు గదికిస్తారు, చేతికి కాదు

(పచ్చబొట్టు పనిని ఉపాధిగా ఎంచుకోవాలనుకునే పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఇవి. జవాబులు రాసినది, ఒకప్పుడు విశాఖపట్నంలో సైన్‌బోర్డులూ సినిమా కటౌట్లూ గీసి, ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షు పక్కన పెట్టి, ద్వారకానగర్‌లో టాటూ షాపు పెట్టుకున్న ఆర్టిస్టు.)

ప్రశ్న: మాస్టారూ, నాకు 21 ఏళ్లు. మాది గాజువాక. డిప్లొమా మధ్యలో ఆపేశాను. బొమ్మలు బాగా వేస్తానని అందరూ అంటారు. సిటీలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పదిహేను రోజుల కోర్సు చేస్తే 'గవర్నమెంటు గుర్తింపు ఉన్న టాటూ ఆర్టిస్టు లైసెన్సు' ఇస్తామంటున్నారు. ఫీజు 75 వేలు. నాన్న అప్పు తెచ్చి కడతానంటున్నారు. ఆ లైసెన్సు లేకుండా పని చేస్తే పోలీసులు పట్టుకుంటారా?

జవాబు: తమ్ముడూ, ముందు నాన్నగారిని ఆ అప్పు పత్రం మీద సంతకం పెట్టకుండా ఆపు. తర్వాత నా ఉత్తరం చదువు.

టాటూ వేసే మనిషికి ఇచ్చే లైసెన్సంటూ మన రాష్ట్రంలో ప్రత్యేకంగా ఏదీ లేదు. డ్రైవరుకు ఉన్నట్టు, మందుల షాపులో ఫార్మసిస్టుకు ఉన్నట్టు, పరీక్ష పెట్టి 'నువ్వు ఇక టాటూ వేయొచ్చు' అని కార్డు ఇచ్చే ఆఫీసు విశాఖలో లేదు, అమరావతిలో లేదు, ఢిల్లీలోనూ లేదు. కాబట్టి వాళ్లు ఇచ్చేది సర్టిఫికెట్టు. ఫ్రేము కట్టి గోడకు తగిలించుకోవచ్చు, తప్పులేదు. దానికి లైసెన్సని పేరు పెట్టి అమ్మడమే తప్పు. నేర్పేవాడి చెయ్యి మంచిదైతే కోర్సుకు డబ్బు ఇవ్వు, కాగితానికి ఇవ్వకు. వాళ్ల దగ్గరికి వెళ్లి ఒకే ఒక్కటి అడుగు: 'మీ విద్యార్థులు వేసిన టాటూలు ఏడాది తర్వాత ఎలా ఉన్నాయో ఫొటోలు చూపించండి' అని. వేసిన రోజు ఫొటో ఎవడిదైనా మెరుస్తుంది.

మరి చట్టం ఏం అడుగుతుంది? షాపును అడుగుతుంది. జీవీఎంసీ (విశాఖ నగర కార్పొరేషన్) పరిధిలో ఏ వ్యాపారానికైనా ట్రేడ్ లైసెన్సు కావాలి. మీ వార్డు సచివాలయానికి వెళ్లి శానిటేషన్ కార్యదర్శిని కలిస్తే దరఖాస్తు సంగతి చెబుతారు. అద్దె ఒప్పందం, ఆ బిల్డింగు ఇంటిపన్ను వివరాలు, ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుని వెళ్లు. చాలామంది కుర్రాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు: ఓనరు ఇంటిపన్ను నివాసం కింద కడుతుంటాడు, మనం కింద షాపు తెరుస్తాం. అడ్వాన్సు ఇవ్వకముందే ఓనరుతో ఆ మాట తేల్చుకో. కరెంటు మీటరూ అంతే. ఇంటి కేటగిరీ మీటరు మీద షాపు నడిపితే ఈపీడీసీఎల్ వాళ్లు తనిఖీకి వచ్చిన రోజు తేడా మొత్తం జరిమానాతో కలిపి కక్కిస్తారు. వాణిజ్య కనెక్షన్, అంటే కేటగిరీ-2, పెట్టించుకో.

ట్రేడ్ లైసెన్సు తర్వాత షాపులు, సంస్థల చట్టం (మన రాష్ట్రంలో 1988 నాటిది) కింద నమోదు సంగతి కార్మిక శాఖ ఆఫీసులో కనుక్కో. ఉద్యం (చిన్న వ్యాపారాల) నమోదు ఆన్‌లైన్లో ఉచితం, దానికి ఏజెంటుకు వెయ్యి రూపాయలు ఇవ్వక్కర్లేదు. సేవల మీద ఏడాదికి 20 లక్షల ఆదాయం దాటితే జీఎస్టీ. ఆ రోజు వస్తే నాకు మిఠాయి పంపు. పెట్టుబడికి ముద్ర రుణం అడగొచ్చు: 50 వేల వరకు శిశు, అక్కణ్ణుంచి 5 లక్షల వరకు కిశోర్. షాపు బోర్డు మీద పేరు తెలుగులో కూడా రాయించు. నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి కనుక ఇది నా స్వార్థం అనుకున్నా ఫరవాలేదు.

పోలీసుల మాట అడిగావు. టాటూ లైసెన్సు లేదని నిన్ను ఎవరూ పట్టుకోరు, లేని దాన్ని ఎలా అడుగుతారు? ట్రేడ్ లైసెన్సు లేకపోతే కార్పొరేషన్ వాళ్లు జరిమానా వేస్తారు, షాపు మూయిస్తారు. పోలీసులు వచ్చేది నీ సూది వల్ల ఎవరికైనా జబ్బు అంటితే. ప్రాణం మీదికి తెచ్చే జబ్బును అజాగ్రత్తతో వ్యాపింపజేస్తే భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. కస్టమరు వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. అంటే, మొదలుపెట్టేటప్పుడు నీ చేతిని ఎవరూ పరీక్షించరు. ఏదైనా జరిగాక మాత్రం అందరూ నీ చేతినే పరీక్షిస్తారు. అందుకే అసలు లైసెన్సు ఏమిటో ఇప్పుడు చెబుతాను, అది నీకు నువ్వే రాసుకోవాలి.

మెషీన్ కొనకముందు హెపటైటిస్-బి (రక్తం ద్వారా అంటే కాలేయ జబ్బు) టీకా వేయించుకో. మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఈ వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. టేబులు అంచు మీద కంటికి కనపడని చుక్క చాలు. అందుకే కుర్చీకి, లైటు స్విచ్చికి, స్ప్రే సీసాకి, మెషీన్ వైరుకి కూడా ప్లాస్టిక్ కవరు చుట్టి, మనిషి మారగానే అన్నీ పీకేయాలి. గ్లవ్స్ వేసుకుని ఫోన్ ఎత్తే ఆర్టిస్టు దగ్గర నువ్వు నేర్చుకోవద్దు. నల్ల గ్లవ్స్ ఇప్పుడు ఫ్యాషను. నాకు మాత్రం నీలం రంగువే ఇష్టం, రక్తం తగిలితే వెంటనే కనపడుతుంది.

సూదులు ఒక్కసారికే. కార్ట్రిడ్జ్ (సూదులు బిగించి వచ్చే గొట్టం) ప్యాకెట్ మీద లాట్ నంబరు, గడువు తేదీ చూసి కొను. లోపల మెంబ్రేన్ (పల్చటి అడ్డుపొర) ఉన్న కార్ట్రిడ్జే తీసుకో, లేకపోతే ఇంకూ రక్తమూ వెనక్కి మెషీన్లోకి పోతాయి. వాడిన సూదిని సీదాగా చెత్తబుట్టలో వేయకు. పొద్దున్నే కార్పొరేషన్ బండి వెంట వచ్చే మనిషి ఉత్త చేతులతో ఆ సంచీ ఎత్తుతాడు. అది కాపులుప్పాడ యార్డుకు చేరేలోపు ఎన్ని చేతులు తగులుతాయో లెక్కేసుకో. సూది గుచ్చుకోని గట్టి డబ్బాలో వేసి, ముప్పాతిక నిండాక మూత బిగించి, మీ పేటలో క్లినిక్కుల నుంచి ఆస్పత్రి వ్యర్థాలు తీసుకెళ్లే వాళ్లతో మాట్లాడి ఇచ్చేయ్. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల్లో టాటూ షాపు అనే మాట కనపడదు. కనపడకపోయినా గుచ్చుకునేది ఒకేలా గుచ్చుకుంటుంది. నీకే గుచ్చుకుంటే సబ్బూ నీళ్లతో కడిగి అదే రోజు కేజీహెచ్‌కి (పెద్దాసుపత్రికి) పరిగెత్తు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది.

స్టీలు గ్రిప్పులు (మెషీన్ పట్టుకునే పిడులు) వాడితే ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పాత్ర) కొనాల్సిందే: 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, కనీసం పావుగంట. సెలూన్లలో నీలం లైటు వెలిగే పెట్టె ఉంటుందే, అది సూక్ష్మక్రిములన్నిటినీ చంపదు. దాన్ని చూపించి 'మా దగ్గర అంతా స్టెరైల్' అనేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు.

ఇంకొక్క సంగతి, దీన్ని ఎవరూ నేర్పరు. బూడిద రంగు షేడు కోసం నల్ల ఇంకును నీళ్లతో పలచన చేస్తాం. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి పోసేవాళ్లను చూశాను. డిస్టిల్డ్ (ఆవిరి పట్టిన నీరు) వేరు, స్టెరైల్ (క్రిములు లేని నీరు) వేరు. 2011-12లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్ ఊళ్లో ఇలా ముందే పలచన చేసి అమ్మిన బూడిద ఇంకు వల్ల 19 మందికి చర్మం మీద క్షయ కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ వచ్చింది. షాపు శుభ్రంగానే ఉంది, సూదులు కొత్తవే, ఇంకులో దోషం. కాబట్టి ఇంజక్షన్లలో వాడే స్టెరైల్ వాటర్ ఆంపూల్ పగలగొట్టి ఆ పూటకే వాడు. మిగిలిన ఇంకు సీసాలోకి తిరిగి పోయకు.

ప్రశ్న: నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. పోర్ట్రెయిట్లు బాగా వస్తాయి. ఏ మెషీన్ కొనాలి, ఎవరి మీద ప్రాక్టీసు చేయాలి సార్?

జవాబు: అమ్మా, నీకు డ్రాయింగు వచ్చు కాబట్టి సగం దారి వచ్చేశావు. మిగతా సగం కాగితం మీద లేదు. కాగితం కదలదు, చెమట పట్టదు, నొప్పి అని చెయ్యి లాక్కోదు.

మెషీన్లు రెండు రకాలు. టర్‌ర్‌మని శబ్దం చేసే కాయిల్, నిశ్శబ్దంగా పెన్నులా పట్టుకునే రోటరీ. కొత్తవాళ్లకు రోటరీ పెన్ తేలిక, బరువు తక్కువ, మణికట్టు నొప్పి రాదు. మోటారుతో నడిచే ఈ మెషీన్‌కు మొట్టమొదటి పేటెంటు 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓ'రైలీ అనే ఆయన తీసుకున్నాడు. ఎడిసన్ కాగితాలకు నకళ్లు తీయడానికి చేసిన కరెంటు పెన్ను దానికి మూలం. నువ్వు అన్నిటికంటే ఖరీదైనది కొనకు. సూదులు మాత్రం చవకవి కొనకు.

సూదుల్లో మొదట మూడే నేర్చుకో: సన్నగీతకు 3ఆర్ఎల్ (మూడు సూదులు గుండ్రంగా కట్టినది), మామూలు గీతకు 7ఆర్ఎల్ (ఏడు కట్టినది), షేడుకు ఒక మ్యాగ్నం (సూదులు వరసల్లో పేర్చిన వెడల్పుది). సిలికాన్ ప్రాక్టీస్ స్కిన్ మీద గీతలు, వలయాలు, వలయాలు, ఇంకా వలయాలు. ఆ తర్వాత పంది చర్మం, దొరక్కపోతే దబ్బకాయ తొక్క. ఇంకు నిలబడేది పైపొర కింద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో. పైన వేస్తే మానేటప్పుడు పొట్టుతో పాటు ఊడిపోతుంది. లోతుకు వెళితే గీత చుట్టూ నీలంగా పాకుతుంది, దాన్ని బ్లోఅవుట్ అంటాం. ఆ మధ్య లోతు నీ వేళ్లకు తెలియాలి, కళ్లకు కాదు. మొదటి మనిషి చర్మం నీ సొంత తొడ అయితే మంచిది. స్నేహితుల మీద ప్రాక్టీసు వద్దంటాను. ఉచితంగా వేయించుకున్నవాడే జీవితాంతం ఎక్కువ తిడతాడు.

మన ఊళ్లో నీకు పని తెచ్చేది పోర్ట్రెయిట్లకంటే అక్షరాలు. అమ్మ పేరు, నాన్న పేరు, పాప పేరు, తెలుగులో. ఇక్కడే బెంగళూరులో నేర్చుకొచ్చిన వాళ్లు కూడా బోర్లా పడతారు. తెలుగు అక్షరం అంతా గుండ్రాలు. చర్మంలో ఇంకు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పాకుతుంది. చిన్న సైజులో రాస్తే పదేళ్లకు సున్నా పూడిపోయి చుక్కవుతుంది, 'థ'లో చుక్క మాయమవుతుంది, 'మ'కూ 'య'కూ తేడా తెలియదు. కనీసం అక్షరం లోపలి ఖాళీలో ఒక బియ్యపు గింజ పట్టేంత పెద్దగా రాయి, వత్తుకు కింద చోటు వదులు. కస్టమరు 'సన్నగా, చిన్నగా, వేలి మీద' అంటాడు, ఒప్పుకోకు.

ఇంకా ప్రమాదం కంప్యూటరు దగ్గర. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు తెలుగు వత్తులను విడగొట్టి పక్కన పడేస్తాయి. 'లక్ష్మి' అని టైపు చేస్తే పొల్లులతో ఏదో వస్తుంది. తెలుగు రాని ఆర్టిస్టు దాన్నే స్టెన్సిల్ (ఒంటికి అంటించే అచ్చు) తీసి వేసేస్తాడు. ఇలాంటి చేతులు సరిచేయడానికి నా దగ్గరికి వస్తుంటాయి. కాబట్టి చేత్తో రాయి. రాశాక కస్టమరు చేత గట్టిగా చదివించు, స్టెన్సిల్ ఒంటికి అంటించాక అద్దంలో కాకుండా ఫొటో తీసి మళ్లీ చదివించు. వేరే భాష వాళ్లు తెలుగు రాయించుకుంటామంటే ఇంకో తెలుగు మనిషిని పిలిచి చూపించు.

అన్నట్టు పూర్వం తిరనాళ్లలో ఎరుకల ఆడవాళ్లు సూదులు గుత్తిగా కట్టి, దీపపు మసి ఆకు పసరులో కలిపి పచ్చలు పొడిచేవారు. మా అమ్మ చేతి మీది ముగ్గు చుక్కలు చివరిదాకా ఎక్కడివక్కడే ఉన్నాయి. గుండ్రాల జోలికి పోకుండా చుక్కలూ అడ్డగీతలతోనే పని కానిచ్చిన వాళ్ల తెలివి నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అదే సూదులు జాతరంతా వాడేవాళ్లనుకో, అది మాత్రం నేర్చుకోకు.

ప్రశ్న: మాది తగరపువలస. మా అబ్బాయికి పదిహేడున్నర ఏళ్లు. అగ్నివీర్‌కి పరిగెడుతున్నాడు. బీచ్‌కి వెళ్లి మెడ మీద పెద్ద టాటూ వేయించుకుని వచ్చాడు. ఇప్పుడు సెలక్షన్‌లో తీసేస్తారని తోటి పిల్లలు భయపెడుతున్నారు. వేసినవాడి తప్పు లేదా అన్నయ్యా?

జవాబు: ఉందమ్మా. టాటూకు వయసు ఇంత అని ప్రత్యేక చట్టం లేదు గానీ, ఒకరి ఒంటి మీద గాయం చేసి 'వాడే ఒప్పుకున్నాడు' అని తప్పించుకోవాలంటే ఆ ఒప్పుకున్నవాడికి 18 దాటి ఉండాలని భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ చెబుతుంది. మైనరు సంతకం చేసిన కాగితానికి విలువ లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ చూడకుండా మెషీన్ ఆన్ చేసినవాడు తన మెడ మీదికి తెచ్చుకున్నట్టే. కానీ మీరు స్టేషన్‌కి వెళ్లినంత మాత్రాన టాటూ పోదు కదా, ముందు అబ్బాయి సంగతి చూడండి.

ఆర్మీ నోటిఫికేషన్‌లో ఉన్నది ఇది: శాశ్వతమైన టాటూ మోచేతి లోపలి నుంచి మణికట్టు వరకు లోపలి వైపు, లేదా అరచేతి వెనక వైపు ఉంటేనే అనుమతి. ఆచారం ప్రకారం పచ్చబొట్లున్న గిరిజనులకు మినహాయింపు ఉంది. కేంద్ర సాయుధ బలగాల్లో ఇంకా కట్టుదిట్టం: సెల్యూట్ చేయని ఎడమ చెయ్యి ముంజేతి లోపలి వైపు లేదా చేతి వెనక వైపు మాత్రమే, అదీ ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ. మెడ ఎందులోనూ లేదు. లేజర్‌తో తీయించాలి, అది చర్మ డాక్టరు పని, టాటూ షాపు పని కాదు. వారాల తేడాతో చాలా సిట్టింగులు పడతాయి, మచ్చ మిగలొచ్చు కూడా. ఎంతకాలం పడుతుందో డాక్టరును అడిగి, ఆ తర్వాతే ఏ ర్యాలీకి వెళ్లాలో తేల్చుకోండి. ఇంట్లో నిమ్మకాయ, ఉప్పు రుద్దనివ్వకండి, టాటూ పోగొడతామని అమ్మే క్రీములూ వద్దు. అలాగే టాటూ వేయించుకున్న ఏడాది పాటు రక్తదానం చేయకూడదని చెప్పండి.

ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లందరికీ: మన ఊరిది నేవీ ఊరు. చుట్టూ ఉన్న జిల్లాల్లో ప్రతి రెండో ఇంట్లో ఎవడో ఒకడు యూనిఫారం కోసం పరిగెడుతుంటాడు. కుర్రాడు కుర్చీలో కూర్చోగానే 'ఏ పరీక్షకు చదువుతున్నావు?' అని అడగండి. సమాధానం బట్టి, అవసరమైతే టాటూ వేయకుండా పంపేయండి. ఆ రోజు అద్దె డబ్బులు పోతాయి. పోనీండి.

ప్రశ్న: బావ ఇంగ్లండులో ఉన్నాడు, అక్కడికి రమ్మంటున్నాడు. ఇక్కడి అనుభవం అక్కడ లెక్కకొస్తుందా?

జవాబు: చేతికి లెక్కే, కాగితానికి కాదు. ఇంగ్లండులో 1982 నాటి చట్టం ప్రకారం స్థానిక కౌన్సిల్ దగ్గర మనిషీ షాపూ రెండూ నమోదు కావాలి. వేల్స్‌లో 2024 నవంబరు 29 నుంచి మనిషికి లైసెన్సు తప్పనిసరి. 18 దాటనివాళ్లకు వేయడం 1969 నుంచే అక్కడ నేరం. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి: ఆరెగాన్‌లో 360 గంటల శిక్షణ, అందులో 50 టాటూలు పూర్తి చేసి చూపించాలి. మన దగ్గర ఏ సర్టిఫికెట్టు కొన్నా అది వీటికి బదులు కాదు. ముందు వీసా పని చేయడానికి ఒప్పుకుంటుందో లేదో బావను అడగండి. అక్కడిదాకా వెళ్లాక కౌన్సిల్ గడప తొక్కొచ్చు.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే మెహందీ, మేకప్ చేస్తాను. ఇప్పుడు కనుబొమ్మలకు మైక్రోబ్లేడింగ్ మొదలుపెడదామనుకుంటున్నాను. ఇది టాటూ కాదు, సెమీ పర్మనెంటు కదా, లైసెన్సు అక్కర్లేదు కదా?

జవాబు: చర్మం తెగుతుంది, రంగు లోపలికి పోతుంది, రక్తం వస్తుంది. పేరు ఏదైనా టాటూనే అమ్మా. పైన గాజువాక తమ్ముడికి చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి: ట్రేడ్ లైసెన్సు, వాణిజ్య మీటరు, టీకా, సూదుల డబ్బా. పైగా ముఖం. వేసే ముందు షుగరు ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గాయమైతే కెలాయిడ్ (ఉబ్బిన గట్టి మచ్చ) కడుతుందా, గర్భమా అని రాసిచ్చిన కాగితం మీద అడగండి. ఒక్కదానికి అవునన్నా డాక్టరు మాట రాకుండా ముట్టుకోకండి. ఎర్రడాలు ఉన్న రంగులకు ఎలర్జీ ఎక్కువ, ముందు చెవి వెనక చుక్క పెట్టి కొన్నాళ్లు ఆగండి. మత్తు క్రీము సొంతంగా కొని దండిగా పూయకండి.

వేశాక రెండు మూడు వారాలు సముద్రంలో దిగొద్దనీ, ఎండలో తిరగొద్దనీ చెప్పండి. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ పెట్టుకున్నవాళ్లు అపాయింటుమెంటు తర్వాతకు మార్చుకోమనండి. 32 కిలోమీటర్ల చెమట పచ్చి కనుబొమ్మ మీదుగా కారితే ఆ రంగు నిలవదు, మళ్లీ వేయమని మీ దగ్గరికే వస్తారు. ఇంట్లో ఒక గదిని దీనికే కేటాయించండి. వంటింటి సింకులో మాత్రం ఏ పనిముట్టూ కడగకండి.